బెలుం రాతిని కోసే చేతులు: కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ కార్మిక, కర్మాగారాల శాఖ మంత్రిగారికి,


బెలుం గుహల్లోకి దిగే యాత్రికుడి కోసం ప్రభుత్వం దారి పొడవునా దీపాలు పెట్టింది. లోపల గాలి ఆడే ఏర్పాటు చేసింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల సంగతి రికార్డుకెక్కించాడు. 1982 నుంచి 1984 దాకా డేనియల్ గెబాయర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం లోపలంతా కొలిచి పటం గీసింది. 2002లో పర్యాటక అభివృద్ధి సంస్థ వీటిని జనానికి తెరిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. నేలకు దాదాపు 150 అడుగుల లోతున ఉన్న పాతాళగంగ దాకా పిల్లాపాపలతో వెళ్లి క్షేమంగా తిరిగి రావచ్చు. ఇది మెచ్చుకోవలసిన పని. ఈ లేఖ మాత్రం అదే రాతిని నేలమీద కోసి బతికే మనుషుల గురించి.

గుహలను తొలిచింది నీళ్లయితే, తొలిపించుకున్నది నార్జి సున్నపురాయి. కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల చుట్టుపక్కల ఆ రాయి పొరలు పొరలుగా లేస్తుంది. అదే నాపబండ. రెండు తెలుగు రాష్ట్రాల్లో కొన్ని లక్షల ఇళ్ల వసారాలు, వంటిళ్లు, గొడ్లపాకలు ఈ బండల మీదే నిలిచాయి. ఇక్కడి సున్నపురాయి సిమెంటు బట్టీల్లోకి కూడా పోతుంది. అందుకే ఈ ప్రాంతమంతా గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు కర్మాగారాలు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో వ్యవసాయం తర్వాత కూలిడబ్బు ఇచ్చే పెద్ద పనుల్లో ఈ రాతిపని ఒకటి.

పాలిష్ ఫ్యాక్టరీ అంటే చాలాచోట్ల ఒక రేకుల షెడ్డు. మధ్యలో కటింగ్ మిషన్. వజ్రపు పలుకులు అతికించిన గుండ్రటి బ్లేడు నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంటే, అది వేడెక్కకుండా పైనుంచి నీళ్లు పడుతుంటాయి. కార్మికుడు బండను రెండు చేతులతో పట్టుకుని గీత తప్పకుండా బ్లేడు వైపు నెడతాడు. బండ చివరికి వచ్చేసరికి చేతులకూ బ్లేడుకూ మధ్య మిగిలేది నాలుగు వేళ్ల దూరం. కింద బురద, చేతికి తడి, చెవిలో మోత. బ్లేడు మీద ఉండవలసిన ఇనుప మూత గీత కనపడనివ్వదని, పని జోరు తగ్గుతుందని తీసి గోడకు ఆనించడం సులువు. మోటారు నుంచి పుల్లీకి వెళ్లే బెల్టు పక్కనుంచే మనుషులు నడుస్తారు. తలగుడ్డ కొస, లుంగీ అంచు, వదులు చొక్కా చేయి ఆ బెల్టుకు చిక్కితే స్విచ్చు దాకా చేరే వ్యవధి ఎవరికీ దొరకదు.

సిమెంటు ఫ్యాక్టరీల్లో యంత్రం పెద్దది, ప్రమాదం జరిగే తీరు మాత్రం ఇదే. కన్వేయర్ బెల్టు చివర రోలరుకు అంటుకున్న రాతిపొడిని నడుస్తుండగానే గీకబోతే చేయి లోపలికి పోతుంది. బెల్టు ఆపి, కరెంటు తీసి, ఆ స్విచ్చుకు తాళం వేసి, ఆ తాళంచెవి లోపల పనిచేసేవాడి జేబులోనే పెట్టుకోవడం ప్రపంచమంతా ఆచరించే పద్ధతి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక తాళం, ఒక చీటీ, మేస్త్రీ తొందరపెట్టని పది నిమిషాలు చాలు.

మంత్రిగారూ, ప్రమాదం జరిగాక ఏం జరుగుతుందన్నది ఈ లేఖకు అసలు విషయం.

విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు, 2020లో, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రభుత్వం ప్రకటించింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మాలో 17 మంది చనిపోయినప్పుడు కూడా కోటి చొప్పున, తీవ్రంగా గాయపడినవారికి 50 లక్షల చొప్పున ప్రకటించారు. ఆ కుటుంబాలకు అది అందవలసిందే. కానీ నంద్యాల జిల్లాలో ఒక షెడ్డులో ఒకే ఒక్కడికి కుడిచేతి రెండు వేళ్లు పోతే ఆ రాత్రి ముఖ్యమంత్రి రారు, టీవీ బండి రాదు. ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వ దయ మీద, వార్త పెద్దదవడం మీద ఆధారపడుతుంది. ఆ ఒంటరి కార్మికుడికి ఉన్న ఆధారం చట్టం ఒక్కటే. చట్టం అతనికి ఇచ్చినది తక్కువేమీ కాదు, అతనికి తెలియకపోవడమే ఈ లేఖ రాయడానికి కారణం.

ఫుట్ బెలుం గుహల గురించి రాసిన 1884లోనే జర్మనీ పారిశ్రామిక ప్రమాద బీమా చట్టం చేసింది. తప్పెవరిదని అడగకుండా, పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలన్నది దాని మూలసూత్రం. ఆ సూత్రం మన దగ్గరికి 1923లో వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టంగా వచ్చింది. 2009లో అది ఉద్యోగుల నష్టపరిహార చట్టమైంది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక సామాజిక భద్రతా కోడ్‌లో ఒక అధ్యాయంగా చేరింది. పేర్లు మారినా సారం అదే.

ఆ సారాన్ని ఒక లెక్కతో చెబితేనే మనసుకు ఎక్కుతుంది. ముప్పై ఏళ్ల బండల కార్మికుడు అనుకుందాం. నెల జీతం 15,000 రూపాయలు. 2020 జనవరిలో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా అంతే, అంతకు మించి సంపాదించినా లెక్కలోకి తీసుకునేది 15,000. అందులో 60 శాతం, అంటే 9,000. ముప్పై ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 207.98. రెండూ గుణిస్తే 18,71,820 రూపాయలు. పూర్తిగా పనికి దూరమైన మనిషికి ఇవ్వవలసిన మొత్తం అది. చూపుడువేలు మొత్తం పోతే చట్టంలోని గాయాల షెడ్యూలు ప్రకారం 14 శాతం, అంటే దాదాపు 2,62,000. బొటనవేలు పోతే 30 శాతం, 5,61,546. మణికట్టు దాకా ఒక చేయి పోతే 60 శాతం, 11,23,092. ఆసుపత్రి ఖర్చు దీనికి అదనం, బిల్లులు చూపినంతా యజమాని భరించాలి.

ఇప్పుడు ఇదే లెక్కలో ఒక్క అంకె మార్చండి. జీతం చీటీ లేదు, హాజరు పుస్తకంలో పేరు లేదు. యజమాని వచ్చి 'నెలకు 8,000 ఇచ్చేవాణ్ణి' అంటాడు. అదే చూపుడువేలుకు పరిహారం 1,39,763కు పడిపోతుంది. ఒక కాగితం లేకపోవడం వల్ల కార్మికుడు లక్షా ఇరవై రెండు వేలు పోగొట్టుకుంటాడు. అసలు 'వీడు మా దగ్గర పనే చెయ్యలేదు' అంటే అదీ ఉండదు.

ఇక్కడే రాజీ అనే మాట వస్తుంది. ఊరి పెద్ద, మేస్త్రీ, యజమాని బంధువు కలిసి ఆసుపత్రి మంచం దగ్గరికి వస్తారు. 'కోర్టులని తిరిగితే ఏం వస్తుంది, ఆసుపత్రి బిల్లు కట్టినాం, ఇంకో యాభై వేలు తీసుకో, చెయ్యి బాగయినాక మళ్లీ పనిలోకి రా' అంటారు. ఆ మాటల్లో కొంత ఆదరణ కూడా ఉండవచ్చు, అందుకే కార్మికుడు కాదనలేడు. తెల్లకాగితం మీద సంతకం పెట్టేస్తాడు. ఆ కాగితానికి చట్టం విలువ ఇవ్వదని, పరిహారపు హక్కును వదులుకుంటూ చేసుకునే ఒప్పందం చెల్లదని అతనికి ఎవరూ చెప్పరు. పరిహారపు కేసులు వినే కార్మిక శాఖ కమిషనర్ దగ్గర రిజిస్టరు కాని రాజీ యజమానిని పూర్తి బాధ్యత నుంచి తప్పించదు. దెబ్బ తగిలిన రోజునుంచే పరిహారం బాకీ పడుతుందని, నెల దాటినా ఇవ్వకపోతే ఏటా 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే ఆ మొత్తంలో సగం దాకా జరిమానా పడుతుందని కూడా ఎవరూ చెప్పరు. అడగడానికి రెండేళ్ల గడువుంది. బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీ సొంత ఊరికి వెళ్లిపోయినా అక్కడి కమిషనర్ దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాంట్రాక్టరు మాయమైతే ఫ్యాక్టరీ యాజమాన్యమే ఇవ్వాలి.

'మూత తీసింది వాడే కదా, తప్పు వాడిదే' అన్న వాదన ఈ షెడ్లలో బాగా వినిపిస్తుంది. కావాలనే రక్షణ పరికరాన్ని తీసేశాడని రుజువైతే పరిహారం ఆగే నిబంధన ఉన్న మాట నిజమే. కానీ ప్రాణం పోయినా, మనిషి శాశ్వతంగా పూర్తి పనికి దూరమైనా ఆ నిబంధన వర్తించదు. పైగా మూత తీసి పనిచేస్తున్న మిషన్‌ను ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్న యజమానికి ఆ వాదన చేసే నైతిక అర్హత లేదు. నెమ్మదైనా సరే మూత పెట్టే కొయ్యమని కూలి తగ్గించకుండా చెప్పిన యజమానికే అది ఉంటుంది.

వేలు తెగిన మొదటి గంటలోనే పరిహారపు కేసు సగం తేలిపోతుంది. తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి తీసుకెళ్లాలి. నేరుగా ఐసులో వేస్తే కణాలు చచ్చిపోతాయి. ఎంత త్వరగా సర్జన్ దగ్గరికి చేరితే అతికే అవకాశం అంత ఎక్కువ. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసిన బోర్డు ప్రతి కటింగ్ మిషన్ పక్కన ఉండాలి. ఆసుపత్రిలో రాసే చీటీ అంతే ముఖ్యం. 'ఇంట్లో జారిపడ్డాడు' అని ఒక వాక్యం రాయిస్తే ఆ తర్వాత ఏ కమిషనర్ ముందైనా దాన్ని దాటి రావడం కష్టం. మిషన్ ప్రమాదమని మెడికో లీగల్ రిజిస్టరులో ఎక్కించాలి. పోలీసులు కూడా కేసు పెట్టవచ్చు. యంత్రం విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో 289వ సెక్షన్ ప్రత్యేకంగా ఉంది.

మంత్రిగారూ, ఆళ్లగడ్డ సంగతి కూడా చెప్పాలి. ఆ ఊరి శిల్పుల చేతుల్లోంచి వచ్చిన దేవుళ్లు ఎన్నో గుళ్లలో కొలువున్నారు. ఉలీ సుత్తీ ఇప్పటికీ ఉన్నాయి, వాటి పక్కన గ్రైండర్, కటింగ్ బ్లేడు కూడా చేరాయి. ముక్కుపుడక చెక్కే శిల్పికి బొటనవేలు పోతే షెడ్యూలు ప్రకారం 30 శాతం. మరి ఆ మనిషి పనిలో మిగిలేది 70 శాతమా? ఉలి పట్టలేని చేతితో శిల్పం చెక్కడం ఎంత శాతం సాధ్యం?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1975 డిసెంబరులోనే జవాబిచ్చింది. 1936 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, తర్వాత ఒడిశాలో కలిసిన జయపురంలో, 1968లో ఒక సినిమా హాలుకు నగిషీ పని చేస్తున్న వడ్రంగి కిందపడ్డాడు. ఎడమచేయి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. ఇది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం చెయ్యలేరు కనుక ఆ మనిషికి ఇది పూర్తి వైకల్యమేనని నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 9,800 రూపాయల పరిహారాన్ని, ఆలస్యం చేసినందుకు వేసిన జరిమానాను ఖాయం చేసింది. 2008లో కాలు పోయిన ఒక ట్యాంకర్ డ్రైవర్ విషయంలోనూ అదే దారిలో నడిచింది. షెడ్యూలులోని శాతం మనిషి ఒంటిని కొలుస్తుంది. అతని వృత్తిని కూడా కొలవాలని ఈ తీర్పులు చెబుతున్నాయి. శిల్పి కేసులో, బండ కోసేవాడి కేసులో ఈ తీర్పును ముందు పెట్టి వాదించే మనిషి కావాలి. ప్రతి కార్మికుడూ వకీలును పెట్టుకోలేడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఆ సంగతి షెడ్ల దాకా చేరాలి.

సొంత షెడ్డులో సొంతంగా చెక్కుకునే శిల్పికి యజమాని లేడు, కనుక ఈ చట్టం అతనికి అందదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఒక చేయి మొత్తం పోతే లక్ష వస్తుంది. ఒకటి రెండు వేళ్లకు ఏమీ రాదు. వికలాంగ పింఛను నెలకు 6,000 రూపాయలు, అదీ వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే. శిల్పుల కోసం ప్రత్యేక ప్రమాద బీమా ఒకటి ఈ జిల్లాలో మొదలుపెట్టడం మీ చేతుల్లో పనే.

కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐ వర్తించే చోట ఈ బాధ చాలావరకు తీరుతుంది. పదిమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థ, 21,000 లోపు జీతం అయితే కార్మికుడు చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వైద్యం, పనికి రాలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం వస్తాయి. యజమాని చందా ఎగ్గొట్టినా కార్మికుడి హక్కు పోదు. అయినా పేరు నమోదు చేయించకుండా పని చేయించుకునే చోట్ల దెబ్బ తగిలిన తర్వాతే ఈఎస్ఐ గుర్తొస్తుంది.

కొత్త కోడ్‌ల విషయంలో ఒక భయం దాచుకోకుండా చెప్పాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడే చోట పదిమంది కార్మికులుంటే అది ఫ్యాక్టరీ అయ్యేది. కొత్త వృత్తి భద్రతా కోడ్‌లో ఆ సంఖ్య ఇరవై. బండల షెడ్డులో ఇరవై మంది ఉండడం అరుదు. పదికీ ఇరవైకీ మధ్య ఉన్న షెడ్డు సంస్థగా కోడ్ కిందికి వస్తుంది కానీ ఫ్యాక్టరీ మీద ఉండే నిఘా దానిమీద ఉండదు. పదిమంది కంటే తక్కువైతే అదీ లేదు. బ్లేడు మాత్రం ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని తిరగదు. నష్టపరిహారానికి తలల లెక్క లేదు, నలుగురే ఉన్న షెడ్డులోనూ అది వర్తిస్తుంది. కానీ పరిహారం వేలు పోయిన తర్వాతి మాట. ప్రాణాపాయమున్న పనులు చేసే చోట ఒక్క కార్మికుడున్నా కోడ్‌ను వర్తింపజేసే వీలు ప్రభుత్వానికి ఉంది. రాతి కటింగును, పాలిషును ఆ జాబితాలో చేర్చే ప్రయత్నం మీ శాఖ నుంచే మొదలవ్వాలి.

అదే కోడ్‌లో రెండు మంచి విషయాలున్నాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నది ఒకటి. విధి తప్పిన యజమాని వల్ల తీవ్ర గాయమైతే పడే 2 లక్షల నుంచి 4 లక్షల దాకా జరిమానాలో కనీసం సగం బాధితుడికే ఇప్పించే అధికారం కోర్టుకు ఇవ్వడం రెండోది. మొదటిది అమలైతే పైన చెప్పిన జీతం లెక్క తారుమారు కాదు. అందుకే అన్నిటికంటే ముందు అదే కావాలి.

ఇంకో మాట. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం పనిగంటల గరిష్ఠ పరిమితిని రోజుకు తొమ్మిది నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. పెట్టుబడులు రావాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ తడి చేతులతో బ్లేడు ముందు నిలబడ్డ మనిషికి పదో గంటలో చూపు, పట్టు మొదటి గంటలో ఉన్నట్టు ఉండవు. కటింగ్ మిషన్ మీద పదో గంట వద్దని రాతపూర్వకంగా మినహాయింపు ఇవ్వండి.

గురుగ్రామ్, మానేసర్ ప్రాంతపు వాహన విడిభాగాల పరిశ్రమలో చేతులు నలిగిపోయే కార్మికుల గురించి సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి ఏటా ఒక నివేదిక వేస్తోంది. ఏ మిషన్ మీద, ఎన్ని వేళ్లు, ఏ గంటలో అని అందులో రాస్తారు. ఆ లెక్కలు పెద్ద కంపెనీల ముందు పెట్టి అడగడం వల్లే అక్కడ చర్చ మొదలైంది. కొలిమిగుండ్లకు, బేతంచెర్లకు కూడా అలాంటి లెక్క కావాలి. ఒక స్వచ్ఛంద సంస్థ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రి, కర్నూలు సర్వజన వైద్యశాల ప్రమాద రిజిస్టర్లలో మిషన్ గాయాలను విడిగా తీసి, నెలనెలా మీ శాఖకు పంపించేలా ఒక ఉత్తర్వు చాలు. ఏ షెడ్డు నుంచి మూడోసారి మనిషి వచ్చాడో ఆ కాగితమే చెబుతుంది.

గనిలో దెబ్బ తగిలితే గనుల భద్రత డైరెక్టరేట్, అంటే కేంద్రం. గని గట్టు దిగి షెడ్డులో దెబ్బ తగిలితే కర్మాగారాల శాఖ, అంటే రాష్ట్రం. రెండిటికీ మధ్య దూరం కొన్నిచోట్ల వంద గజాలు. ఎవరి గడప తొక్కాలో రక్తమోడుతున్న మనిషి వెతుక్కోకూడదు. ఏ ప్రమాదమైనా ముందు చెప్పుకునే ఒకే చోటు, మండల స్థాయిలో, ఉండాలి.

మంత్రిగారూ, ఒకసారి బెలుం గుహలకు రండి. గుహలు చూశాక నేరుగా నంద్యాలకు తిరిగిపోకుండా దారిలో ముందుగా చెప్పకుండా రెండు మూడు పాలిష్ షెడ్ల దగ్గర ఆగండి. బ్లేడు మీద మూత ఉందా, స్విచ్చు చేతికి అందే దూరంలో ఉందా అని చూడండి. అక్కడ పనిచేసేవారిని 'నీకు నియామక పత్రం ఇచ్చినారా' అని అడగండి. తర్వాత కమిషనర్ విచారణలు నెలకొకసారి కొలిమిగుండ్లలో, బేతంచెర్లలో, ఆళ్లగడ్డలో జరిగేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఈ లేఖ చదివే కార్మిక సోదరులకు, వారి ఇంటివారికి ఒక్క విన్నపం. దెబ్బ తగిలిన రోజు తేదీ, మిషన్ పేరు, పక్కన ఉన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. ఆసుపత్రి చీటీలో 'మిషన్ ప్రమాదం' అని ఉందో లేదో చదివించుకోండి. కూలి ఫోన్‌పేలో వచ్చి ఉంటే ఆ వివరాలు చెరపకండి. రెండేళ్లు దాటకముందే కార్మిక శాఖ కమిషనర్‌కు దరఖాస్తు ఇవ్వండి. అప్పటిదాకా ఏ తెల్లకాగితం మీదా సంతకం పెట్టకండి.